లింగడి కుర్చీ

ఈమధ్య శిక్షణలో ఉన్న ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. పిల్లల కేంద్రంలో ఉద్యోగం రాబోతోందట. పుస్తకం తెరిచి, "అమ్మా, పసివాళ్ళను ఎత్తు కుర్చీలోంచి చిన్న కుర్చీకి ఎలా మార్చాలి? ఇందులో నాలుగే వాక్యాలున్నాయి" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు వాక్యాల పని నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. మధ్యలో ఒక బిడ్డ నా చేతుల మీదుగా పోవలసింది, పోలేదు. ఆ సంగతి చెప్పకుండా మిగతాది చెబితే సగమే చెప్పినట్టు.

నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో ఎవరికీ అక్కర్లేదు, నాకే సరిగ్గా గుర్తు లేదు. పిల్లలు మాత్రం గుర్తున్నారు. వాళ్ళ బరువులతో సహా.

చేతులే కాటా

యుద్ధానికి ముందు మాట. ఉప్పుగూడ స్టేషనుకు ఇవతల ఒక దారం మిల్లు ఉండేది. దూది ఏరేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు అంతా ఆడవాళ్ళే. వాళ్ళ పిల్లల కోసం మిల్లువాళ్ళు పక్కనే ఒక పాత దేవిడీ, అంటే నవాబుల కాలం భవంతి, తీసుకుని పిల్లల ఇల్లు పెట్టారు. పొడుగాటి హాలు లాంటి దాలాను, మూరెడు మందం గోడలు. ఎండాకాలంలో కూడా చల్లగా, మిట్టమధ్యాహ్నం కూడా కాస్త మసకగా ఉండేది. అక్కడ మాట్లాడిన మాట వెంటనే పోయేది కాదు, గోడల దగ్గర కాసేపు తచ్చాడేది. మొదటి నెలంతా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. తర్వాత అలవాటైంది.

నేను కార్వాన్‌లో బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చినదాన్ని. పిల్లలు లేరు. ఇంట్లో కూర్చోలేక ఒక ఆసుపత్రిలో ఆరు నెలలు పసివాళ్ళ సంరక్షణ నేర్చుకుని ఆ పనిలో చేరాను. వండిపెట్టడం, తినిపించడం నా వంతు. కడిగి, తుడిచి, నిద్రపుచ్చడం రహీంబీ వంతు. ఆమె నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దది, ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. తల్లులు నన్ను పంతులమ్మ అనేవాళ్ళు, నేను ఎవరికీ ఒక్క అక్షరం చెప్పకపోయినా.

మిల్లు యజమాని భార్య బొంబాయిలో ఎక్కడో చూసి వచ్చి ఎనిమిది ఎత్తు కుర్చీలు చేయించింది. టేకువి. నా నడుము ఎత్తున కూర్చునే పలక, ముందు అడ్డకర్ర, దాని మీద గిన్నె పెట్టడానికి చిన్న బల్ల. అడ్డకర్రకు చీల వేస్తే పిల్ల తనంతట తాను దిగలేదు. తల్లులు వాటిని మంచెలు అన్నారు, చేలో పిట్టల్ని తోలే మంచెల్లాగా ఉన్నాయని. నాకు మాత్రం అవి వరప్రసాదాలు. ఎనిమిది మందిని వరసగా ఎక్కించి చీలలు వేస్తే, నేను నిమ్మళంగా అన్నం కలుపుకోవచ్చు. నా తప్పులన్నీ ఆ నిమ్మళంలోనే మొదలయ్యాయని ఇప్పుడు అనిపిస్తుంది.

పిల్లల్ని తూచడానికి మాకేమీ లేదు. నా చేతులే కాటా. పొద్దున తల్లి చంకలోంచి బిడ్డను అందుకోగానే "పావుసేరు తగ్గింది, రాత్రి కడుపు నడిచిందా?" అంటే తల్లులు నోరెళ్ళబెట్టేవాళ్ళు. రహీంబీకి నమ్మకం కుదరక ఒకరోజు ఐదుగురు పిల్లల్ని మిల్లు గోదాములో దూది తూచే కాటా దగ్గరికి తీసుకుపోయింది. ఒక్కరి విషయంలో కూడా నా చెయ్యి అరపావు మించి తప్పలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఒకేరోజు ఎనిమిది మంది

ఏడాదికోసారి తనిఖీకి వచ్చే ఆమె పేరు మిస్ ఎస్తేరు. మద్రాసులో చదువుకుని వచ్చింది. చేతిలో ఎప్పుడూ దర్జీల టేపు ఉండేది. ఆమె అంటే నాకు వణుకు. మొదటిసారి వచ్చినప్పుడు "ఏడాదిన్నర దాటిన పిల్లలు ఇంకా ఈ పంజరాల్లో ఎందుకున్నారు? చిన్న కుర్చీలు వేయించండి, నేలకు దించండి" అని చెప్పి వెళ్ళింది.

చెప్పిందే తడవుగా వడ్రంగి చేత అన్నీ ఒకే కొలతతో ఎనిమిది చిన్న కుర్చీలు చేయించాను. ఒక సోమవారం పొద్దున ఎనిమిది మందినీ ఒకేసారి దించాను. ఆ లొల్లి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇద్దరు కుర్చీలతో సహా బోర్లా పడ్డారు. ఒకడు లేచి పక్కవాడి గిన్నెలో చెయ్యి పెట్టాడు, పక్కవాడు వాడి చెయ్యి కొరికాడు. ముగ్గురు లేచి ముగ్గురు మూడు దిక్కులకు పోయారు. దాలానంతా పప్పన్నం. నా తల ప్రాణం తోకకొచ్చింది. రహీంబీ ఒక మూల కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

"బేటీ, నువ్వు పిల్లలను దించినవా, కోళ్ళ గంప తెరిచినవా?" అంది.

అక్కడ నేర్చుకున్నది చెబుతాను. కుర్చీ వయసును బట్టి కాదు, కాలును బట్టి ఉండాలి. మడమ నుంచి మోకాలి దాకా ఎంతో, కూర్చునే పలక అంత ఎత్తు. పాదం నేలకు ఆనని పిల్ల అన్నం మీద మనసు పెట్టదు, పడిపోతానేమో అన్న భయం మీదే పెడుతుంది. ఒక్కసారి ఒక్కరినే మార్చాలి, అదీ మొదట ఒక్క పూటే. అప్పటికే దిగి కుదురుకున్న పిల్ల పక్కన కూర్చోబెట్టాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో మార్చకూడదు. లేచి పోతే పోనివ్వాలి, గిన్నె అక్కడే ఉంటే తిరిగి వస్తారు. దిగడం అంటే పిల్లకు మొదటిసారిగా లేచి వెళ్ళిపోయే స్వేచ్ఛ రావడం. మనకు భయంగా ఉండేది అందుకే.

ఇంకొకటి కూడా ఉంది. అది పుస్తకాల్లో ఉండదు.

రాజి, లింగడు

లచ్చమ్మ మిల్లులో కండెలు చుట్టేది. భర్త బండి తోలేవాడు. ఆమెకు జంటపిల్లలు. ముందు పుట్టింది రాజమణి, వెనక పుట్టినవాడు రాజలింగం. ఎనిమిది నెలలప్పుడు ఇద్దరినీ రెండు చంకల్లో పెట్టుకుని మా దగ్గరికి తెచ్చింది. రాజి ఎప్పుడూ చప్పుడు చేయదు. లింగడు ఎప్పుడూ చప్పుడు ఆపడు. వరసలో ఆరో కుర్చీ రాజిది, ఏడోది లింగడిది. వాడు బల్ల మీద చేతులతో దబదబ కొడుతుంటే, ఆ పిల్ల వాడి వైపే చూస్తూ తినేది. వాడు నోరు తెరిస్తే తెరిచేది, మింగితే మింగేది.

ఆ వానాకాలం జ్వరాలు వచ్చాయి. లింగడు మూడు రోజుల్లో పోయాడు. పదహారు నెలల పిల్లవాడు.

పదకొండు రోజుల తర్వాత లచ్చమ్మ వచ్చింది. ఒక చంకలో రాజి, ఇంకో చంకలో ఏదో మూట. రాజిని నాకిచ్చి, మూటను ఏడో కుర్చీలో కూర్చోబెట్టి చీల వేసింది. చూస్తే సన్నెకల్లు పొత్రం. మసాలాలు నూరే గుండ్రటి రాయి, ఒక చివర పెచ్చు లేచింది. దానికి లింగడి పసుపు చొక్కా తొడిగి ఉంది.

"ఏంది లచ్చమ్మా ఇది?"

"ఆని జాగ ఆనికి ఉండనియ్యి పంతులమ్మా. జంటపిల్లలు. ఒకడు వోయినంక రెండోదాన్ని పిలుస్తడంట. పక్కన నేనే కూసున్న అనుకుంటే పిలువడు. నేను మిల్లుల ఉన్నంతసేపు గిది ఈడ ఉండాలె."

ఈ రాయి ఎందుకో మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే రోజున ముందు పొత్రానికి నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, గుడ్డ చుట్టి పడుకోబెడతారు. ఆ తర్వాతే బిడ్డ. ఖాళీ తొట్టెల కోసం ఏదైనా కాచుకుని ఉంటే దానికి ముందు రాయి దొరకాలని. లచ్చమ్మ ఇంట్లో ఈ ఇద్దరి కంటే ముందు తొట్టెలలో పడుకున్నది ఈ పొత్రమే.

నేను ఆసుపత్రిలో నేర్చుకుని వచ్చినదాన్ని కదా, రహీంబీ వైపు చూశాను.

"రహ్నే దో బేటీ, ఉండనియ్యి" అంది. "రాయి ఏడుస్తదా, పక్క తడుపుతదా? గింత మంచి పిల్లగాడు మనకు యాడ దొరుకుతడు?"

నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు నుంచి పిల్లల మూతులు తుడిచేటప్పుడు ఏడో కుర్చీ దగ్గర కూడా ఒక్క క్షణం ఆగేది.

కుదురైన పిల్ల

రాజి తినే ముందు మొదటి ముద్ద చేత్తో పట్టుకుని రాయి వైపు చాచేది. కాసేపు ఆగేది. తర్వాత తాను తినేది. ఎంతసేపు ఆగుతుందా అని ఒకసారి కనిపెట్టి చూశాను. పసివాడు ఒక ముద్ద నమిలి మింగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ప్రతిసారీ అంతే.

మిగతా పిల్లల్లో కూడా ఒకటి గమనించాను. ఎనిమిదో కుర్చీలో ఉన్న పిల్ల ఆరో కుర్చీలోని రాజిని చూడాలంటే, ముందుకు వంగి మెడ పక్కకు తిప్పి చూసేది. మధ్యలో ఉన్నది జానెడు రాయి. దాని మీదుగా చూస్తే రాజి నిండుగా కనిపిస్తుంది. అయినా ఆ పిల్ల అక్కడ తన ఈడువాడు ఎవరో అడ్డం ఉన్నట్టే వంగేది. ఎనిమిదో కుర్చీలోకి వేరే పిల్లవాడు వచ్చినా అలాగే వంగాడు. రహీంబీకి చెబుదామనుకుని చెప్పలేదు, ఆమె అవునంటుందేమోనని.

ఇక నా అసలు తప్పు. రాజికి రెండేళ్ళు దాటాయి. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ చిన్న కుర్చీలకు దిగిపోయారు. రాజిని దించలేదు. లచ్చమ్మ వద్దంది, తమ్ముడి పక్క నుంచి లేపితే వాడు వెతుక్కుంటూ దిగి వస్తాడని. నేను సరేనన్నాను. లచ్చమ్మ మీద జాలితో సరేనన్నానని ఇన్నాళ్ళు చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఏడవని పిల్ల, దిగుతానని మారాం చేయని పిల్ల ఒక్కతి ఉంటే నాకు హాయి. పొద్దున చీల వేస్తే సాయంత్రం తీసేదాన్ని. ఆ పిల్ల నడవలేదు, మాట్లాడలేదు. నా పనికి సుఖంగా ఉంది కాబట్టి కుదురైన పిల్ల అని పేరు పెట్టాను. అమ్మాయిలూ, మీ దాలానులో గోల చేసే పిల్ల గురించి భయపడకండి. చప్పుడు లేని కుర్చీ దగ్గరికి ముందు వెళ్ళండి.

వంటింటి రాయి

మిస్ ఎస్తేరు మళ్ళీ వచ్చింది. తిన్నగా రాజి దగ్గరికే పోయి, అడ్డకర్ర కింద వేలాడుతున్న కాళ్ళను పట్టుకుని చూసింది. పిక్కల్లో కండ లేదు.

"ఈ పిల్లను ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ కట్టేశారు?" అంది. "ఇవాళే దించండి. నా కళ్ళముందు దించండి." తర్వాత పక్క కుర్చీ చూసింది. "ఇదేమిటి?"

ఆ రోజు రహీంబీ పనిలోకి రాలేదు. ఉండి ఉంటే ఉన్నదున్నట్టు చెప్పేసేది. నాకు మాత్రం ఆ మద్రాసు చదువు ముందు సిగ్గేసింది. చొక్కా తొడిగిన రాయిని పెట్టుకుని పిల్లల ఇల్లు నడుపుతున్నానని ఎలా చెప్పను?

"వంటింటిదండి. పిల్లలు ఆటకు తెచ్చుకున్నరు" అన్నాను.

"వంటింటిదైతే వంటింట్లో ఉండాలి."

చొక్కా విప్పి, రాయిని ఒంటిచేత్తో పట్టుకుపోయాను. మూడున్నర సేర్లు ఉంటుందని చెయ్యి చెప్పింది. మా సన్నెకల్లుకు పొత్రం లేదు, ఎప్పుడో పగిలింది. మిస్ ఎస్తేరు వెనకే వచ్చి, ఈ బలహీనమైన పిల్లకు ఉడికిన పప్పు, కూర మెత్తగా నూరి పెట్టమంది. నేను కాదనలేకపోయాను. ఆడిన అబద్ధం నిజం చేసుకోవాలి కదా. నా చేతులతో నేనే నూరాను.

రాజిని చిన్న కుర్చీలో కూర్చోబెట్టాం. వెనకటి కొలతది. పాదాలు నేలకు నాలుగు వేళ్ళ పైన ఆగిపోయాయి. పక్కన ఎవరూ లేరు. నేను నేర్చుకున్న పాఠం ఒక్కటీ పాటించలేదు. గిన్నె పెట్టాను. మొదటి ముద్దను ఎవరి వైపూ చాచలేదు. గిన్నెలోకే చూసింది. చూసి చూసి, పుట్టినప్పటి నుంచి ఒక్క మాట అనని పిల్ల, స్పష్టంగా అంది.

"తమ్మి."

తర్వాత గిన్నె పట్టుకుని మొత్తం తినేసింది. "చూశారా, మాట కూడా వచ్చింది" అని మిస్ ఎస్తేరు సంతోషపడి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ పొత్రం కడగడానికి చెయ్యి రాలేదు.

మధ్యాహ్నం మిల్లు కూత పడగానే తల్లులు వచ్చారు. లచ్చమ్మ గడపలోనే ఆగిపోయింది.

"నా కొడుకేడి?"

నా చూపు వంటింటి వైపు పోయింది. ఆమె వంటింట్లోకి పోయింది. పప్పు అంటుకుని తడిగా ఉన్న పొత్రాన్ని చూసింది. రాజి మూతి చూసింది.

"ఆనితోని నూరి దీనికి తినవెట్టినవా పంతులమ్మా?"

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రాయిని ముట్టుకోలేదు. "నేనెట్ల ముట్టాలె ఇగ?" అని, బిడ్డను ఎత్తుకుని పోయింది.

ఖాళీగా ఉన్న కుర్చీ

మర్నాడు రహీంబీ వచ్చి జరిగింది విని నన్ను తిట్టలేదు. రాయిని తానే కడిగి, చొక్కా తొడిగి, ఏడో కుర్చీలో పెట్టింది. లచ్చమ్మ మిల్లుకు రావడం మానేసింది. నాలుగో రోజు రహీంబీ వాళ్ళ గల్లీకి వెళ్ళి చూసి వచ్చింది.

"పిల్ల ఏం తింటలేదు బేటీ. నీళ్ళు గూడ చెంచాతోని పోస్తున్నరు. పండ్లు బిగవట్టుకోని పండుకున్నది. నువ్వు పెట్టినదే ఆఖరు బువ్వ."

ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. ఆ బిడ్డ పోతే చంపింది నేనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ నాలుగు రోజుల్లో చిన్న కుర్చీల దగ్గర ఒకటి జరిగింది. రాజిని కూర్చోబెట్టిన కుర్చీ, దాని పక్కది, రెండూ ఖాళీగా ఉన్నాయి. రాజి కుర్చీలో పిల్లలు కూర్చుంటున్నారు, లేస్తున్నారు. పక్కదాంట్లో మాత్రం ఎవరూ కూర్చోవడం లేదు. చోటు లేక నిలబడి తింటున్నారు గానీ కూర్చోవడం లేదు. నేను ఒకణ్ణి ఎత్తి అందులో పెట్టాను. వాడు ఏడవలేదు. మెల్లగా జారి దిగి, కుర్చీకి దూరంగా నిలబడి, ఏడో ఎత్తు కుర్చీ వైపు తలెత్తి చూశాడు. తర్వాత ఆ ఖాళీ కుర్చీని చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. మిగతా పిల్లలు కూడా తినడం ఆపి అలాగే చూశారు. ఎవరో దిగి రావడానికి చోటు ఉంచినట్టు.

అప్పుడు నా బుర్రకు తట్టింది. తోడు లేకుండా ఎవరినీ దించకూడదని తెలుసుకున్నది నేనే. రాజిని ఒంటరిగా దించింది కూడా నేనే. వాణ్ణి పైన చీల వేసి ఉంచేసి, ఆమెను కిందికి తెచ్చాను.

ఎవలి పిల్లగాడు

ఆ నాలుగో రోజు మధ్యాహ్నమే రాయిని తీసుకుని లచ్చమ్మ ఇంటికి బయలుదేరాను. సంచిలో వేయడానికి మనసొప్పలేదు. చొక్కాతోనే చంకన పెట్టుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పాను. రైలు గేటు దాటాక బర్రెల కొట్టాల వెంబడి నడవాలి. సగం దారిలో పేడ పిడకలు చేస్తున్న ఒక ముసలావిడ తలెత్తి పలకరించింది.

"ఎవలి పిల్లగాడమ్మా? ఎండల తీస్కపోతున్నవు. నిద్రవోయిండా?"

తల ఊపాను.

"మెడ వాలిపోతున్నది సూడు. జర సక్కగ పట్టుకో."

నేను పట్టు సరిచేసుకున్నాను. అలవాటుగా అరచెయ్యి మెడ కిందికి పోయింది. ఒంటిచేత్తో వంటింటికి పట్టుకుపోయిన రాయి, ఆ రోజు రెండు చేతులు పెట్టినా బరువు అనిపించింది. ఎండ వల్ల అనుకున్నాను.

లచ్చమ్మ ఇంట్లో రాజి చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రాయిని గడప పక్కన దించి, పిల్లను ఎత్తి చూశాను. నాలుగు రోజుల్లో సేరున్నర తగ్గింది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఏమవుతుందో నా చేతులు చెప్పాయి. లచ్చమ్మ నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"తప్పు నాదే లచ్చమ్మా. ఆ తనిఖీ అమ్మ ముంగట సిగ్గయి అబద్ధం చెప్పిన."

"సిగ్గా? నా కొడుకంటే సిగ్గయిందా నీకు?"

"అయింది. తలుసుకుంటే ఇప్పుడు ఏడుపొస్తున్నది." నిజంగానే ఏడ్చాను. "ఒక్కటి ఇను. మనం ఆణ్ణి ఆడనే మీద కూసోవెట్టి ఉంచినం. పిల్ల పెరుగుతున్నది, ఆడు గాడనే ఉన్నడు. ఇద్దర్ని ఒక్కనాడే దించుదం. నువ్వే దించు."

ఆమె గడప పక్కనున్న రాయి వైపు చూసింది.

"ఆడు గూడ దిగుతడా?"

"దిగుతడు. ఆనికి గూడ కుర్చీ చేపిస్త."

రాయిని తెచ్చి చాప మీద రాజి పక్కన పెట్టాను. పిల్ల ఇటు తిరిగింది. చొక్కా అంచు పట్టుకుంది. లచ్చమ్మ గబగబా పాలలో అన్నం పిసికి తెచ్చింది. రాజి ఒక మెతుకు తీసి రాయి వైపు చాచి, ఆగింది. మేమిద్దరం కూడా ఆగాం. తర్వాత ఆ మెతుకు తన నోట్లో పెట్టుకుంది.

రెండు కుర్చీలు

వడ్రంగి వచ్చి రాజి మడమ నుంచి మోకాలి దాకా కొలిచాడు. రెండో కుర్చీకి కొలత ఏదని అడిగాడు. లచ్చమ్మ నేల మీద మోకరించి, అరచెయ్యి గాలిలో పెట్టి చూపించింది. "గింత. అక్కకన్న వేలెడు పొడుగుండె." అతను ఆ చేతి కింద కొలకర్ర పెట్టి గుర్తు వేసుకున్నాడు.

దించిన రోజు లచ్చమ్మ ఏడో కుర్చీ చీల తీసి, రాయిని రొమ్ముకు ఆనించుకుని దించింది. నేను రాజిని దించాను. పక్కపక్కన కూర్చోబెట్టాం. రాజి పాదాలు నేలకు ఆనాయి. ఆ పిల్ల కిందికి వంగి తన పాదాలను తానే చూసుకుంది. వేళ్ళు ముడిచి, చాపి, మళ్ళీ ముడిచింది. అన్నం తింది. తిన్నాక తమ్ముడి కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది. మోకాళ్ళు వణికాయి గానీ నిలబడింది. రహీంబీ దుఆ చదువుతూ గోడ వైపు తిరిగిపోయింది. నెల తిరిగేసరికి ఆ కుర్చీని తోసుకుంటూ దాలానంతా నడిచింది, రాయితో సహా.

మరుసటి ఏడు మిస్ ఎస్తేరు వచ్చింది. రాజి పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె టేపు లాగింది. ఆమె ముఖం వికసించింది. అంతలో పసుపు చొక్కా కనిపించింది.

"ఆ రాయి వంటింటిదన్నారు కదా?"

"అబద్ధం చెప్పినండి. అది లింగడు. ఈ పిల్ల తమ్ముడు."

మొత్తం చెప్పాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆమె అంతా విని, వంగి, రాజి మోకాలు కొలిచింది. తర్వాత రెండో కుర్చీ ముందు కూడా కూర్చుని, టేపు జార్చి, చాలాసేపు చూసింది. లేచి టేపు చుట్టుకుంది.

"ఇద్దరికీ పాతవి చిన్నవయ్యాయి. కొత్తవి వేయించండి."

నేను చూసిన పైఅధికారుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమెకు మొదటే నిజం చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. తల్లి మీ చేతిలో ఏదైనా పెట్టి వెళితే, అది తాయెత్తు కానీ, రాయి కానీ, అదేమిటో పైవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

బరువు

ఆ తర్వాత రాజి కుర్చీ మార్చినప్పుడల్లా రెండోదీ మార్చాం. ఊడ్చేటప్పుడు రహీంబీ కుర్చీతో సహా జరిపేది. పుట్టినరోజుకు లచ్చమ్మ వచ్చి కొత్త చొక్కా తొడిగేది. నేను మాత్రం ఆ రాయిని మళ్ళీ చేత్తో ఎత్తలేదు. వంటింట్లో చేసిన పని గుర్తొచ్చి ముట్టుకోవాలంటే మనసు రాలేదు.

రాజికి అయిదో ఏడు వచ్చింది. బడిలో వేస్తున్నామని, ఇద్దరినీ తీసుకుపోతానని లచ్చమ్మ ఒక మధ్యాహ్నం వచ్చింది. రాజి తల దువ్వించుకుని, పలక పట్టుకుని నిలబడింది. పిల్లలందరినీ తల్లుల చేతికి నా చేతులతోనే అందించడం నాకు ఆనవాయితీ. అందుకని లింగడి కుర్చీ ముందు వంగి, ఒంటిచెయ్యి చొక్కా కింద పెట్టి ఎత్తబోయాను.

లేవలేదు.

రెండో చెయ్యి కూడా పెట్టాను. మోకాళ్ళు వంచి, అయిదేళ్ళ పిల్లవాణ్ణి ఎలా ఎత్తుతానో అలా పైకి లేపి నడుముకు ఆనించుకున్నాను. ఎడమ మోచేయి దానంతట అదే కిందికి పోయి వంగింది. అది ఆ పాత పొత్రమే. అదే గరుకు, చివర అదే పెచ్చు. నేను అప్పటికి పాతికేళ్ళు దాటినదాన్ని, రోజూ ఇంతమందిని ఎత్తి దించేదాన్ని. నీరసం కాదు, ఎండ కూడా కాదు. చెయ్యి ఎంత చెప్పిందో నాకు తెలుసు. ఆ పొద్దున రాజిని ఎత్తినప్పుడు చెప్పిన దానికంటే ఇంకొంచెం ఎక్కువే.

నా ముఖం చూసి లచ్చమ్మ దగ్గరికి వచ్చింది. చేతులు చాచి, నా నడుము మీద నుంచి తన నడుము మీదికి మార్చుకుంది. ఆమెకు ఏమీ ఆశ్చర్యం లేదు.

"పెరిగిండు గద పంతులమ్మా" అంది.

రాజి ఆమె కొంగు పట్టుకుంది. ముగ్గురూ గడప దాటారు. రైలు గేటు దాకా నేను చూస్తూ నిలబడ్డాను. పెద్ద పిల్లవాణ్ణి ఎత్తుకున్న తల్లులు ఎలా నడుస్తారో అలాగే, ఒక పక్కకు ఒరిగి, మధ్యమధ్యలో ఆగి నడుము సర్దుకుంటూ నడిచింది లచ్చమ్మ.